ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది, ఏ కాలేజీ పెట్టాలి?

ర్యాంకు కార్డు చేతికి రాగానే ఇంట్లో మొదలయ్యే చర్చ కాలేజీ పేర్ల చుట్టూనే తిరుగుతుంది. పక్కింటి అబ్బాయి ఎక్కడ చదివాడు, ఏ హోర్డింగు మీద ఎన్ని లక్షల ప్యాకేజీ రాశారు, ఏ కాలేజీ బస్సు మన వీధి చివర ఆగుతుంది... కౌన్సెలింగ్‌లో మీకు దక్కేది మాత్రం కాలేజీ పేరు కాదు, ఒక సీటు. ఫలానా కాలేజీలో, ఫలానా బ్రాంచ్‌లో, ఫలానా ఫీజుకు. ఒకే ఆవరణలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గట్టిగా ఉండి, నిరుడు తెరిచిన డేటా సైన్స్ సెక్షన్లకు పాఠం చెప్పేవాళ్లు కరవై ఉండొచ్చు. అందుకే కాలేజీని కాలేజీతో కాదు, సీటును సీటుతో పోల్చాలి.

ఇది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎంపీసీ పూర్తిచేసి ఈఏపీసెట్ ద్వారా బీటెక్‌లో చేరబోయేవాళ్లకు. జోసాలో (ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్) ఎన్‌ఐటీ సీటు చేతిలో ఉన్నవాళ్ల లెక్క వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

## వేటిని బట్టి పోల్చాలి

గుర్తింపు. నాక్ (విద్యాసంస్థలను మదింపు చేసే జాతీయ మండలి) గుర్తింపు మొత్తం సంస్థకు ఇస్తారు. ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సులను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఒక్కో బ్రాంచ్‌కు విడిగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు. బ్రోచర్‌లో 'ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ' అని ఉంటే మీ బ్రాంచ్‌కు ఉన్నట్టు కాదు. మెకానికల్‌కు ఉండి ఉండొచ్చు, అది కూడా గడువు దాటిపోయి ఉండొచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొడితే బ్రాంచ్, గడువు రెండూ కనిపిస్తాయి. కనీసం రెండు బ్యాచ్‌లు డిగ్రీ పూర్తిచేసి బయటికి వెళ్తే తప్ప బ్రాంచ్‌కు ఎన్‌బీఏ దరఖాస్తే కుదరదు. కాబట్టి కొత్తగా పెట్టిన ఏఐ, సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్‌లకు గుర్తింపు లేకపోవడం తప్పు కాదు. ఉందని చెబితే మాత్రం అనుమానించాలి. విదేశాల్లో ఇంజనీరుగా పనిచేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: భారత్ 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో (ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఏర్పాటు) శాశ్వత సభ్యత్వం పొందింది, కానీ ఆ పరస్పర గుర్తింపు ఎన్‌బీఏ టైర్-1 కింద గుర్తింపు పొందిన బ్రాంచ్‌లకే వర్తిస్తుంది. టైర్-1లోకి అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే) కాలేజీలు, యూనివర్సిటీలే వస్తాయి.

చెప్పేవాళ్లు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ నిష్పత్తి 1:2:6. ఏడాదికి 180 సీట్లున్న సీఎస్‌ఈని (కంప్యూటర్ సైన్స్) తీసుకోండి. మొదటి ఏడాది ఎక్కువగా మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్ వాళ్లు చెబుతారు కనుక మిగతా మూడేళ్లే లెక్కేద్దాం: 540 మంది. అంటే ఆ విభాగంలో 27 మంది ఉండాలి. అందులో ముగ్గురు ప్రొఫెసర్లు, ఆరుగురు అసోసియేట్లు. ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో 'మ్యాండేటరీ డిస్‌క్లోజర్' పేరిట అధ్యాపకుల జాబితా పెట్టాలి. అది తెరిచి మీ బ్రాంచ్ వాళ్లను లెక్కపెట్టండి. చేరిన తేదీ ఉన్న గడి దగ్గర కాసేపు ఆగండి. సగానికి పైగా గడిచిన ఆరు నెలల్లోనే చేరినవాళ్లయితే, అది తనిఖీ కోసం నింపిన జాబితా కావొచ్చు. అదే యాజమాన్యానికి రెండు మూడు కాలేజీలుంటే వాటి జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే పేరు రెండు చోట్ల కనిపిస్తే ఇక చెప్పేదేముంది.

ఈ లెక్క ఇప్పుడు మరీ అవసరం. 2024-25 నుంచి ఏఐసీటీఈ బ్రాంచ్‌లో సీట్లకున్న గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. పేరున్న కాలేజీలు సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోతున్నాయి. మీ బంధువు చదివినప్పుడు రెండు సెక్షన్లున్న బ్రాంచ్‌లో ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఈ ఏటి అనుమతి పత్రంలో చూడాలి. పాత పేరుకు కొత్త సీట్లు తోడైనప్పుడు పాత అనుభవం సాక్ష్యం కాదు.

చేతి నుంచి పోయే డబ్బు. కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లు) ఫీజు కాదు, రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం మీ తరఫున ఇచ్చే ఫీజు) పోగా మీరు కట్టేది చూడాలి. తెలంగాణలో ఆదాయ పరిమితికి లోబడి ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, అది దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35,000. కాలేజీ ఫీజు లక్ష అనుకుందాం. 9,900 ర్యాంకు బీసీ విద్యార్థి ట్యూషన్ ఫీజు సున్నా. 10,100 ర్యాంకు బీసీ విద్యార్థి ఏడాదికి 65,000, నాలుగేళ్లకు 2,60,000 కట్టాలి. ఇద్దరికీ ఒకే సలహా ఎలా కుదురుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు వేరు, ప్రభుత్వాలు మారినప్పుడు మారుతూ వచ్చాయి కూడా. చేరే ఏటి జీవో చదువుకోవాలి. రెండు చోట్లా బకాయిల ఆలస్యం మామూలే. సర్కారు డబ్బు రాకపోతే కాలేజీ మిమ్మల్ని ముందు కట్టమంటుందా, చివర్లో సర్టిఫికెట్ల దగ్గర పేచీ పెడుతుందా అన్నది నాలుగో ఏడాది వాళ్లను అడిగితేనే తెలుస్తుంది. దీనికి బస్సు ఫీజు లేదా హాస్టల్, పరీక్ష ఫీజులు, 'ట్రైనింగ్ ఫీజు' కలపండి. ఈ చివరిది చాలామంది లెక్కలో ఉండదు.

దూరం. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సులో కూర్చుంటే రోజుకు మూడు గంటలు. ఏడాదికి 180 పనిరోజులు వేసుకున్నా 540 గంటలు. ఒక ప్రోగ్రామింగ్ భాష క్షుణ్ణంగా నేర్చుకుని, రెండు ప్రాజెక్టులు పూర్తిచేసేంత సమయం అది. పేరులో కొంచెం తేడా ఉన్న రెండు కాలేజీల మధ్య ఊగుతుంటే, దగ్గరున్నదే మేలు.

ఉద్యోగాల లెక్క. హోర్డింగు మీద ఉండేది హైయెస్ట్ ప్యాకేజీ. మీకు కావాల్సింది మధ్యస్థ జీతం, అంటే చేరినవాళ్లను జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమి వాడిది. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే కాలేజీలు తామిచ్చిన డేటాను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో నాలుగేళ్ల డిగ్రీ పట్టికలో ఒకే వరసలో ఇవి ఉంటాయి: మొదటి ఏడాది చేరినవాళ్లు, లేటరల్‌గా (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలోకి) వచ్చినవాళ్లు, గడువులో పాసైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, మధ్యస్థ జీతం, పైచదువుకు వెళ్లినవాళ్లు. ఉదాహరణకు 600 మంది చేరారు, 60 మంది లేటరల్‌గా, అంటే ఈసెట్ ద్వారా వచ్చారు, 430 మంది గడువులో పాసయ్యారు, 300 మందికి ఉద్యోగాలొచ్చాయి అనుకుందాం. కాలేజీ '70 శాతం' అంటుంది, ఎందుకంటే 300ను 430తో భాగిస్తుంది. చేరిన 660తో భాగిస్తే 45 శాతం. రెండూ అబద్ధం కాదు. కానీ మీరిప్పుడు నిలబడింది 660 మంది వరసలో. ఇంకో మెలిక: ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే బ్రోచర్‌లో మూడుగా లెక్క పడుతుంది. 'ఎన్ని ఆఫర్లు' అని కాకుండా 'ఎంతమందికి' అని అడగండి.

## నాలుగు రకాల సీట్లు పక్కపక్కన

| చూడాల్సింది | యూనివర్సిటీ కాలేజీ | ప్రైవేటు అటానమస్ | అనుబంధ కాలేజీ | డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీ |
|---|---|---|---|---|
| ఫీజు | రెగ్యులర్ సీటుకు అన్నిటికంటే తక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్‌కు ఎక్కువ | ఫీజుల కమిటీ నిర్ణయిస్తుంది. పేరున్నవాటిలో ఎక్కువ | కమిటీ నిర్ణయిస్తుంది. తక్కువ | ఎక్కువగా సొంత నిర్ణయం |
| రీయింబర్స్‌మెంట్ | అర్హులకు ఉంటుంది | కన్వీనర్ సీటుకు ఉంటుంది | కన్వీనర్ సీటుకు ఉంటుంది | సొంత ప్రవేశాలకు ఆశించొద్దు |
| సిలబస్, పరీక్షలు | సొంతం | సొంతం | యూనివర్సిటీవి | సొంతం |
| డిగ్రీ ఇచ్చేది | యూనివర్సిటీ | అనుబంధంగా ఉన్న యూనివర్సిటీ | యూనివర్సిటీ | తామే |
| సాధారణ బలహీనత | రెగ్యులర్ పోస్టుల ఖాళీలు | పెద్ద సెక్షన్లు, ఉదారమైన ఇంటర్నల్ మార్కులు | అధ్యాపకులు నిలవకపోవడం, క్యాంపస్ కంపెనీలు తక్కువ | ఖర్చు, ఏటా ఫీజు పెంపు |

పట్టిక పైపైనే. అసలు సంగతులు కింద.

### యూనివర్సిటీ కాలేజీలు

ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, మూడు పాత జేఎన్‌టీయూల ఆవరణల్లోని కాలేజీలు ఈ కోవలోవి. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. వీటి బలం మూడింటిలో ఉంది: ఫీజు, హాస్టల్, తోటివాళ్లు. మంచి ర్యాంకులవాళ్లు ఒకచోట చేరడం వల్ల గదిలో పక్కనున్నవాడి దగ్గర నేర్చుకునేది తక్కువేం కాదు. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లు అదే భవనంలో ఉంటారు కనుక గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష), పరిశోధన అనే మాటలు రోజూ చెవిన పడతాయి. సీనియర్లు ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల్లో పరుచుకుని ఉంటారు.

లోటు కూడా అంతే స్పష్టం. ఖాళీలు ఏళ్ల తరబడి నిండక, కొన్ని విభాగాలు కాంట్రాక్టు అధ్యాపకులతో నడుస్తున్నాయి. చెయ్యి పట్టి నడిపించేవాళ్లు ఉండరు. క్లాసుకు రాకపోతే ఇంటికి ఫోన్ రాదు. తనంతట తాను చదివే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు. వెనకుండి తోయాల్సినవాళ్లు ఇక్కడ జారిపోతారు. ఈ మాట తల్లిదండ్రులకు నచ్చకపోవచ్చు.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, ప్రధాన ఆవరణకు, జిల్లాల్లో అదే యూనివర్సిటీ నడిపే ఇతర ఆవరణలకు తేడా ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ పేరుతో జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్‌లోనూ కాలేజీలున్నాయి. డిగ్రీ ఒకటే, కంపెనీల రాక ఒకటి కాదు. రెండు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజు వేరుగా ఉంటుంది. ఆప్షన్ పెట్టేముందు కోడ్ పక్కనున్న ఫీజు చదవండి.

### ప్రైవేటు అటానమస్

రెండు రాష్ట్రాల్లో మంచి ర్యాంకులవాళ్లలో చాలామంది చివరికి చేరేది ఇక్కడే. సిలబస్ తామే రాసుకోవచ్చు, పరీక్షలు తామే పెట్టుకోవచ్చు, ఫలితాలు త్వరగా వస్తాయి, సప్లిమెంటరీ కోసం ఏడాది ఎదురుచూడక్కర్లేదు. డిగ్రీ పట్టా మాత్రం అనుబంధ యూనివర్సిటీదే.

అటానమస్ అన్న మాట స్వేచ్ఛను సూచిస్తుంది, నాణ్యతను కాదు. ఆ స్వేచ్ఛను ఎలా వాడారో తేల్చుకోవడానికి సిలబస్ పీడీఎఫ్ చాలు. మీ బ్రాంచ్ మూడో ఏడాది సబ్జెక్టులను యూనివర్సిటీ సిలబస్ పక్కన పెట్టండి. ముక్కకు ముక్క ఒకేలా ఉంటే అటానమస్ హోదా పరీక్షలకే పరిమితమైందన్నమాట. మార్కులు ఉదారంగా వేసే చోట సీజీపీఏలు అందరికీ ఎక్కువగా ఉంటాయి. అప్పుడు ఆ అంకెను కంపెనీలూ పట్టించుకోవు, సొంత పరీక్ష పెట్టి వడపోస్తాయి.

కన్వీనర్ కోటాలో 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటాలో 30 శాతం సీట్లుంటాయి. కన్వీనర్‌లో సీఎస్‌ఈ రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు కొనాలా అని అడిగేవాళ్లకు మా జవాబు దాదాపు ఎప్పుడూ 'వద్దు'. ఆ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. రసీదు లేని డొనేషన్ అడగడం 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం కింద నేరం. నేరమని తెలిసీ ఇచ్చిన డబ్బును మధ్యలో మానేస్తే తిరిగి అడగడానికి కాగితమే ఉండదు. అదే కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈసీఈ వస్తే అందులో చేరి, మిగిలిన డబ్బును చేతిలో ఉంచుకోవడం మేలు.

### అనుబంధ కాలేజీలు

వీటిని చిన్నచూపు చూడటం అలవాటైపోయింది. అటానమస్ హోదా లేని కాలేజీలో ప్రశ్నపత్రం యూనివర్సిటీది, దిద్దేదీ బయటివాళ్లు. కాబట్టి వచ్చిన మార్కుకు కొంత విలువుంటుంది. సెక్షన్ చిన్నది. ఊరికి దగ్గర. పూర్తి రీయింబర్స్‌మెంట్ రానివాళ్లకు చేతి ఖర్చు బాగా తగ్గుతుంది. కష్టమల్లా అధ్యాపకులు సెమిస్టర్ మధ్యలో మారిపోవడం, బ్యాక్‌లాగ్‌లు పేరుకోవడం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిరుడు రెండో ఏడాది పూర్తిచేసిన వంద మందిలో ఒక్క బ్యాక్‌లాగూ లేనివాళ్లెందరు? జవాబు చెప్పడానికి ప్రిన్సిపల్ తడుముకుంటే ఇంకో కాలేజీ చూడండి. సీట్లు సగం కూడా నిండని కాలేజీనీ పక్కన పెట్టండి. బ్రాంచ్ మూతపడితే మధ్యలో ఇంకో చోటికి మార్చే తతంగం మీ నెత్తిన పడుతుంది.

### డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు

వీటిలో ప్రవేశం మార్చి, ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. ఈఏపీసెట్ ఫలితాలకు ముందే 'సీటు బ్లాక్ చేసుకోండి' అన్న ఫోన్లు వస్తాయి. అక్కడే డబ్బు ఇరుక్కుంటుంది. యూజీసీ 2018 అక్టోబరు ఆదేశం ప్రకారం, ప్రవేశాలకు ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు అంతకు ముందే మానుకుంటే ఫీజు 100 శాతం, 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ తరవాత 15 రోజుల దాకా 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం వెనక్కివ్వాలి. ఆపైన ఏమీ రాదు. కొన్ని ఏళ్లు యూజీసీ ఇంకా ఉదారంగా విడి ఆదేశాలిచ్చింది; 2024-25కు సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు వెనక్కివ్వమంది. అడ్వాన్సు కట్టేముందు మీ ఏటి ఆదేశాన్ని, ఆ సంస్థ ప్రకటించిన ఆఖరి తేదీని కాగితం మీద దగ్గర పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. వెరిఫై చేసి వెనక్కివ్వాలే తప్ప అట్టిపెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు.

ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇక్కడో మంచి దారి ఉంది. 2021 నుంచి రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ ద్వారానే నింపుతున్నారు. అదే క్లాసు, అదే ల్యాబ్, ఫీజు మాత్రం చాలా తక్కువ. ఈ సీట్ల చివరి ర్యాంకులు చూడకుండా నేరుగా చేరి పూర్తి ఫీజు కట్టడం తొందరపాటు.

పూర్తి ఫీజు మీద చేరాలా అన్నది అప్పు మీద ఆధారపడుతుంది. విద్యా రుణం లేకుండా కట్టగలిగితే, మంచి ల్యాబులు, ఎక్కువ ఎలెక్టివ్‌లు, విదేశీ మార్పిడి కార్యక్రమాల కోసం చేరొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే, ఆ సంస్థ మధ్యస్థ జీతంలో నెల కిస్తీ ఎన్నో వంతో లెక్కేసి చూడండి. మూడో వంతు దాటితే వద్దనే చెబుతాం.

## పెద్ద కాలేజీలో సివిలా, మామూలు కాలేజీలో సీఎస్‌ఈనా

ప్రతి వేసవిలో అందరినీ వేధించే ప్రశ్న ఇది. మీరు నాలుగేళ్ల తరవాత ఎక్కడుండాలనుకుంటున్నారో చెబితే తప్ప దీనికి జవాబు లేదు.

ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యమైతే సివిల్‌కు తిరుగులేదు. నీటిపారుదల, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖల ఏఈ, ఏఈఈ నోటిఫికేషన్లలో సింహభాగం సివిల్‌వే. విద్యుత్ సంస్థలైన ట్రాన్స్‌కో, జెన్‌కోలకు ఈఈఈ (ఎలక్ట్రికల్). సీఎస్‌ఈ చేసి ఈ పోస్టుల వైపు చూడటం కుదరదు.

సాఫ్ట్‌వేర్ లక్ష్యమై, కోడింగ్ మీద నిజంగా ఇష్టముంటే, మామూలు కాలేజీలో సీఎస్‌ఈ కంటే గట్టి కాలేజీలో ఈసీఈ, ఈఈఈ నయం. పెద్ద ఎత్తున తీసుకునే ఐటీ కంపెనీలు చాలావరకు అన్ని బ్రాంచ్‌లనూ రానిస్తాయి, కానీ అన్ని కాలేజీలకూ రావు. పైగా అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ వస్తుంది. అదే కాలేజీలో సివిల్, మెకానికల్‌లో చేరి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలనుకుంటే రెండు పడవల ప్రయాణమే. సర్వే ఫీల్డు, డ్రాయింగ్ ల్యాబ్ రోజంతా తినేస్తాయి, కోడింగ్‌కు రాత్రే మిగులుతుంది. చేయగలిగినవాళ్లున్నారు, కానీ ఇష్టం లేని సబ్జెక్టుల్లో బ్యాక్‌లాగ్ పడి క్యాంపస్ అర్హతే పోగొట్టుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ.

సీఎస్‌ఈ, సీఎస్‌ఈ (ఏఐ అండ్ ఎంఎల్), డేటా సైన్స్, ఐటీల మధ్య తల బద్దలు కొట్టుకోవద్దు. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు చాలావరకు ఒకటే. ర్యాంకు అనుమతిస్తే మామూలు సీఎస్‌ఈ లేదా ఐటీ తీసుకోండి, ఎందుకంటే పాత విభాగం కనుక అధ్యాపకులు ఉంటారు. ఆ స్పెషలైజేషన్ పాఠాలు ఎలెక్టివ్‌గా ఎలాగూ దొరుకుతాయి.

## ఎవరికి ఏది

- పూర్తి ఫీజు వచ్చే విద్యార్థి: ఫీజును మరిచిపోండి. యూనివర్సిటీ ప్రధాన ఆవరణ, ఆ వెంటనే పేరున్న అటానమస్. హాస్టల్ ఖర్చు ఒక్కటే మీ లెక్క.
- 10,000 దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థి, ఏ రీయింబర్స్‌మెంటూ లేని ఓసీ విద్యార్థి: నాలుగేళ్ల మొత్తం వేసుకోండి. లక్షన్నర ఫీజు కాలేజీకి, 80,000 ఫీజు కాలేజీకి మధ్య తేడా నాలుగేళ్లలో 2,80,000. అధ్యాపకుల లెక్కలో, మధ్యస్థ జీతంలో అంత తేడా కనిపిస్తేనే కట్టండి.
- హాస్టల్‌కు పంపని ఇంటి అమ్మాయి: ముందు గంట లోపు దూరంలో గీత గీసి, ఆ లోపల ఉన్నవాటినే పోల్చండి. ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. నాలుగింటికే బస్సు బయల్దేరితే లైబ్రరీ, క్లబ్బులు, క్యాంపస్ ట్రైనింగ్ అన్నీ కాగితం మీదే.
- విదేశాల్లో ఎంఎస్: ప్రాజెక్టు చేయించి, సిఫారసు లేఖ రాయగల పీహెచ్‌డీ అధ్యాపకులున్న విభాగం. కాలేజీ పేరు కంటే సీజీపీఏ, ఆ లేఖలే ముందుకొస్తాయి.

## ఆప్షన్లు పెట్టేటప్పుడు

రాష్ట్ర సాంకేతిక విద్యాశాఖ నిరుటి చివరి ర్యాంకుల పట్టిక పెడుతుంది. అందులో మీ వర్గం, బాలురా బాలికలా అన్న గడి చూడాలి. ఓసీ గడి చూసి ఆశ వదిలేసుకునే బీసీ పిల్లలు ఎంతోమంది. మొదటి విడత పట్టికా, చివరి విడత పట్టికా అన్నదీ గమనించండి.

వరస విషయంలో ఒకే నియమం: వచ్చే అవకాశాన్ని బట్టి కాదు, ఇష్టాన్ని బట్టి పెట్టాలి. పైన రాని కాలేజీ పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు, ఎందుకంటే కంప్యూటరు మీ జాబితాను పై నుంచి చదువుతూ, మీ ర్యాంకుకు దొరికిన మొదటి సీటు దగ్గర ఆగుతుంది. మీ ర్యాంకు 22,000 అయితే నిరుడు 15,000 దగ్గర ఆగినవి నుంచి 35,000 దగ్గర ఆగినవి దాకా పెట్టండి. చేరనని తెలిసిన కాలేజీ మాత్రం ఒక్కటి కూడా పెట్టొద్దు.

తెలంగాణలో కోడ్‌ల దగ్గర తప్పులు ఎక్కువ. కాలేజీకి నాలుగక్షరాల కోడ్, బ్రాంచ్‌కు మూడక్షరాలది: సీఎస్‌ఈ మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్‌ఎం ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌డీ డేటా సైన్స్, ఐఎన్‌ఎఫ్ ఐటీ. ఒకే యాజమాన్యం కాలేజీల పేర్లు చివరి ఒక్క మాటలోనే తేడాగా ఉంటాయి. కాగితం మీద కోడ్‌లతో జాబితా రాసుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఎక్కించండి. ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసి మళ్లీ సరిచూడండి.

రెండో విడతలో చాలామంది దెబ్బతినే చోటు ఇది: కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి చేతిలో ఉన్న సీటు కంటే కచ్చితంగా మేలైనవే పెట్టాలి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్ రిపోర్టింగ్ చేయకపోతే అది రద్దవుతుంది. తెలంగాణలో స్పాట్ అడ్మిషన్‌లో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలోనే ఇచ్చే ప్రవేశం) చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ఆప్షన్లు పెట్టేముందు మొదటి మూడు కాలేజీలకు వెళ్లి చూడటం మంచిది. 'ఓపెన్ డే' నాడు కాదు, మామూలు పనిరోజు పదకొండింటికి. అడ్మిషన్ ఆఫీసు దాటి మీ విభాగం అంతస్తుకు వెళ్లి, గోడ మీద అంటించిన టైమ్‌టేబుల్ చూడండి. ఆ పీరియడ్‌లో ఆ గదిలో పాఠం నడుస్తోందా? ఒకే అధ్యాపకుడి పేరు మూడు సబ్జెక్టుల ఎదురుగా ఉందా? నోటీసు బోర్డు మీద హాజరు చాలక డిటైన్ అయినవాళ్ల జాబితా, కంపెనీ డ్రైవ్ ప్రకటనల తేదీలు చూడండి. మూడో ఏడాది వాళ్లను పట్టుకుని 'నిన్న ఎన్ని పీరియడ్లు జరిగాయి' అని అడగండి. 'కాలేజీ ఎలా ఉంది' అంటే 'బాగుంది అన్నా' అంటారు. అంకె అడిగితే నిజం వస్తుంది.

## చేరాక

మొదటి సెమిస్టర్‌లోనే చాలా తేలిపోతుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి మినహాయింపు తెచ్చుకోవచ్చు. 65 లోపైతే డిటెన్షనే. కాలేజీ ఇచ్చే రెగ్యులేషన్స్ పుస్తకం చేరిన వారంలోనే చదవండి. ఎన్ని క్రెడిట్లుంటే పై ఏడాదికి వెళ్లొచ్చు, మైనర్, హానర్స్‌కు ఎంత సీజీపీఏ కావాలి అన్నవి అందులో ఉంటాయి. రెండో ఏడాది చివర్లో తెలుసుకుంటే అప్పటికే ఆలస్యం.

ఎక్కువమంది తట్టిపడేది మొదటి ఏడాది మ్యాథ్స్ దగ్గర. ఇంటర్‌లో బిట్లు కొట్టిన వేగం ఇక్కడ పనికిరాదు, మెట్లు రాయాలి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు 60 శాతం, బ్యాక్‌లాగ్ లేకపోవడం అడుగుతాయి కనుక ఆ ఒక్క సబ్జెక్టు మూడేళ్ల తరవాత కూడా వెంటాడుతుంది.

విభాగంలో చెప్పేవాళ్లు బలహీనంగా ఉన్న సబ్జెక్టుకు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ ఉంది. 12 వారాల కోర్సుకు సాధారణంగా మూడు క్రెడిట్లు. తుది మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పర్యవేక్షణలో రాసే పరీక్షకు. మీ కాలేజీ ఆ క్రెడిట్లను బదలాయించుకుంటుందో లేదో నమోదుకు ముందే విభాగాధిపతి (హెచ్‌ఓడీ) దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

అనుకున్న సీటు రాలేదని మొదటి ఏడాదంతా లాంగ్ టర్మ్ కోచింగ్ ఆలోచనలో గడిపేవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. బ్రాంచ్ మారాలనుకుంటే కన్వీనర్ నిర్వహించే ఇంటర్నల్ స్లైడింగ్ (అదే కాలేజీలో బ్రాంచ్ మార్పు) తేదీల్లోనే తేల్చుకోవాలి. కాలేజీ నచ్చకపోతే మధ్యలో మారడం కంటే గేట్ తేలికైన దారి. మూడో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐటీల ఎంటెక్ ప్రవేశంలో మీరు బీటెక్ ఏ కాలేజీలో చేశారన్నదానికంటే ఆ స్కోరే ముందు చూస్తారు. ఫిబ్రవరిలో జరిగే ఆ పరీక్షకు దరఖాస్తులు సాధారణంగా అంతకు ముందటి ఆగస్టు, సెప్టెంబరులలోనే మొదలవుతాయి, అంటే మూడో ఏడాది మొదట్లోనే.